మూత తీయాలా, వద్దా: డీలిడ్‌కి ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

డీలిడ్ చేస్తే, అంటే ప్రాసెసర్ మీది మూత తీసేస్తే, వేడి ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీది ఏ ప్రాసెసర్? ఎందుకంటే అదే పని, అదే టూల్, అదే చెయ్యి, అయినా ఒక చిప్‌లో 20 డిగ్రీలు పడిపోతాయి, ఇంకో చిప్‌లో నాలుగైదు దగ్గరే ఆగిపోతుంది. తేడా అంతా మూత కింద కంపెనీ ఏం పెట్టింది అన్నదాంట్లో ఉంది. అది తెలుసుకోకుండా టూల్ కొనొద్దు, బ్లేడు అసలే పట్టుకోవద్దు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రాసెసర్ పైన పేరు చెక్కి మెరుస్తూ కనిపించేది చిప్ కాదు, నికెల్ పూత పూసిన రాగి మూత. దాన్నే ఐహెచ్ఎస్ అంటారు. అసలు చిప్, అంటే డై, దాని కింద దాక్కుని ఉంటుంది. డైలో పుట్టిన వేడి ముందు లోపలి పొర దాటాలి, తర్వాత మూత, ఆ తర్వాత మనం రాసిన పేస్ట్ (వేడిని దాటించే మెత్తని ముద్ద), అప్పుడు కూలర్. మామూలుగా మన చేతిలో ఉండేది ఆ పైపేస్ట్ ఒక్కటే. మూత తీసేస్తే లోపలి పొర కూడా మన చేతికి వస్తుంది, డీలిడ్ అంటే ఇంతే. ల్యాప్‌టాప్ చిప్‌లకీ గ్రాఫిక్స్ కార్డులకీ ఈ మూత ఉండదు, డై నేరుగా కూలర్‌కే తగులుతుంది కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు.

లోపల పేస్టా, సోల్డరా?

2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరం వరకూ ఇంటెల్ పెద్ద డెస్క్‌టాప్ చిప్‌లలో మూతను సోల్డర్‌తో, అంటే కరిగించి అతికే లోహంతో, అతికించేది. 2012లో ఐవీ బ్రిడ్జ్ వచ్చేసరికి సోల్డర్ పోయి పేస్ట్ వచ్చింది, ఆ తరం 3770కె చిప్ కొన్నవాళ్లకి ఓవర్‌క్లాక్ చేయగానే, అంటే కంపెనీ పెట్టిన స్పీడు దాటించగానే, వేడి నెత్తికెక్కింది. అప్పట్లో అందరూ పేస్ట్‌నే తిట్టారు గానీ, మూతలు తీసి చూసినవాళ్లకి ఇంకో విషయం కూడా కనిపించింది. మూత అంచుల చుట్టూ వేసిన నల్ల జిగురు మందంగా ఉండి మూతను కాస్త పైకి లేపి పట్టుకుంటోంది, దానివల్ల డైకీ మూతకీ మధ్య సందు పెరిగి పేస్ట్ పొర లావైపోతోంది. జిగురు గీకేసి మంచి పేస్ట్ రాసి మూత మళ్లీ పెట్టినా వేడి బాగా తగ్గింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మూత మళ్లీ అతికించే దగ్గర పనికొస్తుంది.

ఆ పేస్ట్ కాలం 4770కె, 4790కె, 6700కె, 7700కె మీదుగా 2017 చివర్లో వచ్చిన 8700కె దాకా నడిచింది. 2017లో వచ్చిన స్కైలేక్-ఎక్స్ లాంటి పెద్ద చిప్‌లలో కూడా పేస్టే. 2018లో 9900కెతో ఇంటెల్ మళ్లీ సోల్డర్‌కి వచ్చింది, అక్కడి నుంచి ఓవర్‌క్లాకింగ్ చేసే కె రకం చిప్‌లు దాదాపు అన్నీ సోల్డరే. ఏఎండీ వైపు రైజెన్ మొదటి నుంచీ సోల్డరే, 2018 నాటి 2200జి, 2400జి లాంటి గ్రాఫిక్స్ కలిసిన చిప్‌లలో మాత్రం పేస్ట్ వాడారు.

దీని అర్థం సూటిగా చెప్తాను. మీ దగ్గర ఐవీ బ్రిడ్జ్ నుంచి 8700కె వరకూ ఉన్న ఇంటెల్ కె చిప్ ఉంటే డీలిడ్ నిజంగా పెద్ద లాభం. నా 8700కె 5 గిగాహెర్ట్జ్ దగ్గర భారీ లోడ్‌లో 90 దాటిపోయేది, పెద్ద కూలర్ ఉన్నా సరే, ఫ్యాన్లు హోరుమంటున్నా సరే. మూత తీసి, పాత పేస్ట్ తుడిచి, లిక్విడ్ మెటల్ (మామూలుగానే ద్రవంగా ఉండే లోహ మిశ్రమం) రాసి, అదే మూత మళ్లీ పెట్టాక అదే వోల్టేజ్, అదే కూలర్, అదే లోడ్‌లో 70లలోకి దిగింది. క్లాక్, అంటే చిప్ నడిచే స్పీడు, మాత్రం అదనంగా 100 మెగాహెర్ట్జ్ మించి రాలేదు. ఇది చాలామంది ఒప్పుకోరు గానీ డీలిడ్ ఇచ్చేది ముందు చల్లదనం, తర్వాత నిశ్శబ్దం, ఆఖర్న కొంచెం స్పీడు. స్పీడు కోసమే చేస్తే నిరాశ పడతారు.

సోల్డర్ ఉన్న చిప్‌లో లెక్క మారిపోతుంది. సోల్డర్ అంటే ఎక్కువగా ఇండియం అనే మెత్తని లోహం. వేడిని మోసే సామర్థ్యంలో రాగి 400 అయితే ఇండియం 80 చిల్లర, లిక్విడ్ మెటల్‌లో పేరున్న కండక్టోనాట్‌కి తయారీదారు చెప్పే అంకె 73, మంచి పేస్ట్‌లు 10కి అటూఇటూ. అంటే పేస్ట్ తీసి లిక్విడ్ మెటల్ పెడితే ఎన్నో రెట్ల తేడా, సోల్డర్ తీసి లిక్విడ్ మెటల్ పెడితే పదార్థం పరంగా దాదాపు ఏమీ లేదు. వచ్చే కాస్త లాభం పొర పల్చబడినందుకు వస్తుంది. అందుకే సోల్డర్ చిప్‌ని డీలిడ్ చేసి మళ్లీ అదే మూత పెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే అనవసరమైన పని, రిస్క్ కొండంత, లాభం గోరంత. సోల్డర్ చిప్‌కి మూత తీశారంటే మళ్లీ పెట్టకూడదు, కూలర్‌ని నేరుగా డై మీద కూర్చోబెట్టాలి. దాన్నే డైరెక్ట్-డై అంటారు, దాని సంగతి కిందికి వస్తుంది.

వేడి ఎక్కడ ఆగుతోందో ముందు పట్టుకోండి

ఏ ఖర్చూ లేని పరీక్ష ఇది. టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి భారీ లోడ్ మొదలుపెట్టండి. మొదటి సెకను రెండు సెకన్లలోనే టెంపరేచర్ 40 నుంచి 85కి ఎగిరిందా? లోడ్ ఆపగానే అంతే వేగంగా కిందికి పడిందా? అయితే వేడి డై దగ్గరే ఇరుక్కుంటోంది, ఎందుకంటే అంత తొందరలో కూలర్ ఇంకా వేడెక్కనే లేదు. అలా కాకుండా మెల్లగా, నిమిషాల తరబడి పాకుతూ పెరుగుతుంటే మీ కూలర్‌కో కేబినెట్ గాలికో చేతకావడం లేదని అర్థం, అప్పుడు మూత తీస్తే ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే అవుతుంది. ఫ్యాన్లు సగం నుంచి పూర్తి స్పీడుకి పెంచి చూడండి, ఐదారు డిగ్రీలు దిగితే కూలర్ దగ్గర ఇంకా చోటుంది. కదలకపోతే అడ్డు లోపలుంది. ఒక కోర్ మాత్రం మిగతావాటికంటే 10, 15 డిగ్రీలు పైన ఉంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదేమో, పేస్ట్ సమంగా పరుచుకోలేదేమో ముందు చూసుకోండి.

ఒక జాగ్రత్త. కొత్త చిప్‌లలో ఈ ఎగురుడు లోపలి పొర బాగున్నా కనిపిస్తుంది, ఎందుకంటే డైలే చిన్నవైపోయాయి. నాలుగు కోర్ల శాండీ బ్రిడ్జ్ డై 216 చదరపు మిల్లీమీటర్లు, రైజెన్ 7000లో ఎనిమిది కోర్లు పట్టే ముక్క దాదాపు 70. అంత చిన్న చోటు నుంచి అంత కరెంటు వేడిగా బయటికి రావాలంటే ఏ పొరకైనా కష్టమే.

మూత ముట్టుకోకుండా చేసేవి

అన్నిటికంటే ముందు వోల్టేజ్ తగ్గించండి. దీన్ని చిన్న చూపు చూసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే లెక్క చాలా సూటిగా ఉంది. చిప్ తినే కరెంటు వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది, 1.35 వోల్టుల నుంచి 1.25కి దిగితే అదే క్లాక్ దగ్గర పవర్ సుమారు 14 శాతం తగ్గుతుంది, మూత మీద గీత కూడా పడకుండా. ఏఎండీలో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ ఉంటుంది, ఒక్కో కోర్‌కి విడివిడిగా తగ్గించుకోవచ్చు. ఇంటెల్‌లో బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగ్‌ల మెనూ) నుంచి వోల్టేజ్ ఆఫ్‌సెట్, దాంతోపాటు పవర్ లిమిట్. 13900కె గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు, కొన్ని బోర్డులు ఆ హద్దుని కూడా ఎత్తేసి వస్తాయి, ముందు ఆ హద్దు తిరిగి పెట్టండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఏం మార్చినా ఒక రాత్రంతా లోడ్‌లో పెట్టి చూడాలి. వోల్టేజ్ మరీ తగ్గితే వెంటనే హ్యాంగ్ అవ్వదు, వారం తర్వాత ఏదో ఫైలు పాడై తెలుస్తుంది.

రెండోది కాంటాక్ట్ ఫ్రేమ్, ఇది 12, 13, 14 తరాల ఇంటెల్‌ వాళ్లకే. ఆ సాకెట్ బిగింపు పొడవాటి ప్రాసెసర్‌ని మధ్యలో రెండు వైపులా నొక్కుతుంది, దాంతో మూత కొంచెం వంగి నడుమ లోతు పడుతుంది, కూలర్ అక్కడ సరిగ్గా తగలదు. ఆ బిగింపు తీసి చుట్టూ సమంగా నొక్కే ఫ్రేమ్ పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి, ఎప్పుడైనా మళ్లీ పాతదే పెట్టుకోవచ్చు. స్క్రూలు మాత్రం బలమంతా పెట్టి బిగించొద్దు, ఎక్కువైతే ర్యామ్‌లో సగం కనిపించడం మానేస్తుంది.

మూతని గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) రుద్ది చదును చేసే ల్యాపింగ్ కూడా ఉంది. నేను సిఫార్సు చేయను. పేరు చెరిగిపోతుంది, వారంటీ పోతుంది, లాభం మాత్రం ఫ్రేమ్‌తో వచ్చేదానికి అటూఇటూ.

తీయాలనే నిర్ణయించుకుంటే

టూల్ తప్పనిసరి. ఐవీ బ్రిడ్జ్, దాని తర్వాతి హాస్వెల్ (4770కె) రోజుల్లో షేవింగ్ బ్లేడుతోనో, బెంచ్ వైస్‌లో పెట్టి సుత్తితో కొట్టో తీసేవాళ్లు, బ్లేడు ఒక్క వెంట్రుక లోతుగా దిగితే డై కూర్చునే ఆకుపచ్చ బోర్డులోని సన్నని తీగలు తెగిపోయేవి. స్కైలేక్ (6700కె) నుంచి ఆ బోర్డు ఇంకా పల్చబడింది. టూల్ అయితే మూతను పక్కకి మాత్రమే జరుపుతుంది, ఎత్తదు. జర్మనీకి చెందిన ఓవర్‌క్లాకర్ డెర్8ఆవర్ ఇలాంటి టూల్స్ తెచ్చాక ఈ పని మామూలువాళ్ల చేతికి వచ్చింది. అయితే టూల్ మీ సాకెట్‌కి, మీ తరానికి సరిపోయేదే కావాలి. హాస్వెల్‌లో డై పక్కనే చిన్న భాగాలు ఉంటాయి, రైజెన్ 7000లో మూత కాళ్ల మధ్య సందుల్లో కెపాసిటర్లు ఉంటాయి, తప్పు దిక్కుకి తోస్తే అవి ఊడి వచ్చేస్తాయి. ఏఎం4 సాకెట్ వాడే పాత రైజెన్‌లకి పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, సోల్డర్ కూడా గట్టిగా పట్టుకుని ఉంటుంది, వాటి జోలికి పోవద్దు.

సోల్డర్ చిప్‌లో ఒక్కసారి బలంగా తోస్తే పని అవ్వదు. అటు కొంచెం, ఇటు కొంచెం, మళ్లీ అటు, ఇలా ఓపికగా కదుపుతూ ఉంటే మెత్తని ఇండియం అలిసి వదిలేస్తుంది. ఇనుప తీగ వంచి వంచి తెంపినట్టు. తొందరపడి పైకి లాగితే డై ముక్క మూతతోపాటు వస్తుంది. వదిలాక డై మీద మిగిలిన ఇండియాన్ని ప్లాస్టిక్ ముక్కతో గీకాలి, చివరి పొర మీద చుక్క లిక్విడ్ మెటల్ వేసి కాసేపు ఉంచితే అది ఇండియాన్ని కరిగించుకుంటుంది, తుడిస్తే డై అద్దంలా వస్తుంది.

ఇప్పుడు లోపల ఏం పెట్టాలి అన్న ప్రశ్న. మామూలు పేస్ట్ వద్దు. చిన్న డై మీద వేడెక్కి చల్లారే ప్రతిసారీ అది కొంచెం కొంచెం పక్కకి జారిపోతుంది, మూడు నెలలకో ఆరు నెలలకో మళ్లీ మొదటికి వస్తారు. లిక్విడ్ మెటల్ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది, కానీ అది గాలియం మిశ్రమం, కరెంటు పారుతుంది, అల్యూమినియాన్ని లోపల్నుంచి తినేసి పెళుసుగా చేసేస్తుంది. కూలర్ అడుగు అల్యూమినియం అయితే దీని మాటే ఎత్తొద్దు. ఉత్త రాగి అయితే మొదట్లో కొంత లోహాన్ని పీల్చుకుంటుంది, మరక పడుతుంది, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రాయాల్సి రావచ్చు. నికెల్ పూత ఉంటే చాలాకాలం నిశ్చింత. డై పక్కనున్న చిన్న భాగాలన్నిటికీ రాసే ముందే గోళ్ల రంగో, కరెంటు పారనివ్వని కన్ఫార్మల్ కోటింగో వేసి పూర్తిగా ఆరనివ్వాలి. రాసేది కూడా బియ్యపు గింజంత కూడా అక్కర్లేదు. చిన్న చుక్క వేసి ఇయర్ బడ్‌తో రుద్దుతూ ఉంటే ముందు ముత్యంలా దొర్లి దొర్లి, ఒక్కసారిగా పట్టుకుని పరుచుకుంటుంది. ఆ పట్టుకోవడం కోసం ఆగాలి, పట్టుకోవడం లేదని ఇంకో చుక్క వేయడమే అందరూ చేసే తప్పు.

లిక్విడ్ మెటల్ అంటే భయమేస్తే, ఆ భయం న్యాయమైనదే, హనీవెల్ పిటిఎం7950 లాంటి ఫేజ్ ఛేంజ్ షీట్ పెట్టండి. గది వేడిలో గట్టిగా ఉండి 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి పాకుతుంది, కరెంటు పారదు, పేస్ట్‌లా జారిపోదు. లిక్విడ్ మెటల్ అంత చల్లగా ఉండదు కానీ పెట్టి మర్చిపోవచ్చు.

మూత మళ్లీ పెట్టేవాళ్లు పాత జిగురు మొత్తం గీకేసి నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు సిలికాన్ చాలు. చుట్టూ వేస్తే 3770కెలో జరిగినట్టే మూత లేచిపోతుంది, ఇంత కష్టపడీ అదే సందు మీరే తయారుచేసుకుంటారు.

డైరెక్ట్-డై ఎవరికి?

రైజెన్ 7000 వాళ్లకి ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. పిన్నులు ప్రాసెసర్ నుంచి సాకెట్‌లోకి మారాయి, కానీ ఏఎం4 కూలర్లు అలాగే పట్టాలని ఏఎండీ మొత్తం ఎత్తుని మార్చలేదు, ఆ తేడాని పూడ్చడానికి మూత మందం పెరిగింది. డెర్8ఆవర్ 2022లో 7900ఎక్స్ మూత తీసి నేరుగా డై మీద చల్లబరిచినప్పుడు 20 డిగ్రీల వరకూ తగ్గింది, సోల్డర్ చిప్‌లో అది చాలా పెద్ద అంకె. కానీ ఒక మాట, ఈ చిప్‌లు 95 డిగ్రీల దాకా వెళ్లేలా కావాలనే తయారుచేశారు. పవర్ హద్దులు పూర్తిగా తెరిచి పెడితే మూత తీశాక కూడా పైపైకి ఎక్కుతూనే ఉంటాయి, మీరు ఆదా చేసిన డిగ్రీల్ని అది క్లాక్‌గా మార్చేసుకుంటుంది. మీకు కావాల్సింది చల్లదనమే అయితే 170 వాట్ల 7950ఎక్స్‌ని బయోస్‌లో 105 వాట్ల ఎకో మోడ్‌లో పెట్టండి, రోజువారీ పనిలో కోల్పోయేది చాలా తక్కువ.

7800ఎక్స్3డిలో అదనపు క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) కోర్ల ముక్క పైన కూర్చుంటుంది, వేడి దాన్ని కూడా దాటాలి, పైగా క్లాక్ మల్టిప్లయర్ పెంచుకోనివ్వరు. కాబట్టి డీలిడ్‌తో వచ్చేది చల్లదనమే. 2024లో వచ్చిన 9800ఎక్స్3డిలో ఆ క్యాష్‌ని కిందికి మార్చారు, ఓవర్‌క్లాకింగ్ కూడా తెరిచారు. చేస్తే దీనికి చేయడంలో అర్థముంది, కానీ మామూలుగానే చల్లగా నడిచే చిప్‌కి అవసరమా అన్నది మీరే చూసుకోండి.

డైరెక్ట్-డైలో అసలు ప్రమాదం టెంపరేచర్ కాదు, ఒత్తిడి. మూత పోతే సాకెట్ బిగింపు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ప్రాసెసర్‌ని అంచుల దగ్గర నొక్కిపట్టే ప్రత్యేక ఫ్రేమ్ కావాలి, కూలర్ కూడా అంత కిందికి దిగగలగాలి. సిలికాన్ గాజులాంటిది. 2000 తర్వాత ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ రోజుల్లో మూత లేని డైల మూలలు కూలర్ బిగించేటప్పుడు ఎన్ని విరిగాయో పాతవాళ్లకి తెలుసు, మూతలు వచ్చినదాంట్లో ఆ రక్షణ కూడా ఉంది. స్క్రూలు ఎదురెదురుగా, ఒక్కోటి అర చుట్టు మాత్రమే, నాలుగూ సమంగా దిగేలా బిగించాలి. పెద్ద బరువు ఎయిర్ కూలర్‌తో ఇది చేయొద్దు, ఇందుకే తయారైన వాటర్ బ్లాక్ వాడండి.

ఇంటెల్ 13, 14 తరాలవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి, దయచేసి మూత తీయకండి. వోల్టేజ్ ఎక్కువై చిప్‌లు మెల్లగా దెబ్బతినే సమస్య బయటపడ్డాక 2024లో ఇంటెల్ ఆ తరాల బాక్స్ చిప్‌లు పలువాటికి వారంటీని ఇంకో రెండేళ్లు పొడిగించింది. మూత తీసిన రోజే ఆ హక్కు పోతుంది. కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) ఉన్న బయోస్ వేసుకోండి, పవర్ లిమిట్ పెట్టండి, కావాలంటే ఫ్రేమ్ పెట్టండి, అక్కడితో ఆపండి.

ఇక పాత 7700కెనో 8700కెనో వాడుతూ, వారంటీ ఎప్పుడో అయిపోయి, చిప్ పోయినా పని ఆగదు అనుకునేవాళ్లు నిశ్చింతగా చేసుకోండి. మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకంటే మంచి చిప్ లేదు, సోల్డర్ ఉండదు, డై ఒక్కటే, పక్కన ఊడిపోయే భాగాలు లేవు. తీసేముందు అదే లోడ్‌లో, అదే ఫ్యాన్ స్పీడులో ప్రతి కోర్ టెంపరేచర్ రాసిపెట్టుకోండి. అయ్యాక ఆ రోజే ఒకసారి, నెల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి మళ్లీ అలాగే రాయండి. ఏదో ఒక కోర్ ఒక్కటే మెల్లగా పైకి జరుగుతుంటే అక్కడ లిక్విడ్ మెటల్ ఆరిపోతోందన్నమాట, చిప్ వేడెక్కి స్పీడు తగ్గించుకునేదాకా ఆగకుండా అప్పుడే తెరిచి మళ్లీ రాయండి.